చప్పుడు ఒకచోట, జబ్బు ఇంకోచోట: కారు ముందు షాక్ అబ్జార్బర్లు మార్పించిన నా అనుభవం

మాది పొదిలి. నేను పనిచేసే బడి చీమకుర్తి దాటాక, ఒంగోలు వైపు ఉంటుంది. రోజూ వెళ్లేదీ వచ్చేదీ గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు మీదే. బంగారు చుక్కలున్న నల్లరాయి, బ్లాక్ గెలాక్సీ, ఇక్కడి క్వారీల నుంచే దేశదేశాలకు పోతుంది. అంతంత దిమ్మెలు మోసే లారీల కింద ఏ రోడ్డు మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? గుంట లేనిచోట అతుకు, అతుకు లేనిచోట స్పీడ్ బ్రేకరు. ఇలాంటి దారిలో ఒక చిన్న పెట్రోల్ కారు లక్ష కిలోమీటర్లు దాటిందంటే ముందు చక్రాల దగ్గర ఏదో ఒకటి అరిగే ఉంటుంది. మా కారు లక్ష దాటి చాలాకాలమైంది.

మొదట వినపడింది చప్పుడు. నెమ్మదిగా పోతూ ఎడమ చక్రం చిన్న గుంటలో దిగితే కింద టక్కుమనేది. వేగంగా పోతే వినపడదు. స్టీరింగ్ తిప్పినా రాదు. గతుకుల్లో నెమ్మదిగా పోయినప్పుడు మాత్రం టక్, టక్. షాక్ అబ్జార్బర్ పోయిందేమో, ఎండలు తగ్గాక చూపిద్దాంలే అనుకుంటుండగా ఒకరోజు నాన్నను ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆయనకు నడుము నొప్పి. సంతనూతలపాడు దాటేటప్పటికి తలుపు పైనున్న పట్టీ గట్టిగా పట్టుకుని, "ఏందిరా అబ్బాయ్, గుంట దాటినాక కూడా బండి ఊగతానే ఉంది" అన్నాడు.

నిజమే. నా చెవి చప్పుడు మీదే ఉండి ఆ ఊపును పట్టించుకోలేదు. రోజూ నడిపేవాళ్లకు అది తెలియదు. షాక్ అబ్జార్బర్ ఒక్కరోజులో పోదు, కొద్దికొద్దిగా నీరసిస్తుంది, మన చేతులూ నడుమూ దానికి తగ్గట్టు అలవాటుపడిపోతాయి. అప్పుడప్పుడూ ఎక్కే మనిషే దాన్ని ముందుగా పసిగడతాడు.

నాన్నను డాక్టరుకు చూపించి, అటునుంచి అటే కర్నూలు రోడ్డులో మాకు తెలిసిన షెడ్డుకు పోయాం. అక్కడి మెకానిక్‌ను అందరూ భాయ్ అంటారు. మా మామయ్య కారు కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. చప్పుడు గురించి చెప్పగానే ఆయన కింద దూరలేదు. బానెట్ ఒక మూల రెండు చేతులూ పెట్టి బలంగా కిందికి నొక్కి వదిలేశాడు. కారు పైకి లేచింది, మళ్లీ దిగింది, మళ్లీ లేచింది, ఇంకోసారి దిగి అప్పుడు ఆగింది. పక్కనే రిపేరు అయిపోయి ఉన్న ఇంకో కారును అలాగే నొక్కి చూపించాడు. అది ఒక్కసారి పైకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఆ తేడా కంటితో చూసినవాళ్లకు ఇంకే వివరణా అక్కర్లేదు. ఈ పరీక్ష ఎవరైనా ఇంటిముందే చేసుకోవచ్చు. కాకపోతే సగం నీరసించిన షాక్ అబ్జార్బర్ దీనికి దొరక్కపోవచ్చు. బాగా పోయినదైతే సాధారణంగా దొరుకుతుంది.

తర్వాత స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, చక్రం వెనక టార్చి వేశాడు. స్ప్రింగు లోపలి గొట్టం మీద పైనుంచి కిందిదాకా ఆయిల్ కారి, దానికి దుమ్ము పట్టి, నల్లగా పెచ్చుకట్టి ఉంది. పైభాగంలో సన్నగా చెమ్మ కనపడితే కంగారు పడక్కర్లేదట. ఇలా కిందిదాకా కారిందంటే లోపలి సీలు పోయినట్టే. దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు చిరిగి వేలాడుతోంది. లోపలుండే బంప్ స్టాప్, అంటే పెద్ద గుంటలో పడినప్పుడు ఇనుముకు ఇనుము కొట్టుకోకుండా ఆపే మెత్త, వేలితో తాకితే పొడిగా రాలింది. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమరమన్నాడు. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలాయి. చక్రం రోడ్డును అంటిపెట్టుకుని దొర్లకుండా ఎగిరెగిరి పడుతుంటే టైరు అలా అరుగుతుందట. రెండు టైర్లూ అంతే.

ఆఖర్న కింద దూరి ఒక ఇనుప రాడ్డుతో ఒక్కో జాయింటూ కదిలించి చూశాడు. లోయర్ ఆర్మ్ బుష్‌లు బాగానే ఉన్నాయి, బాల్ జాయింట్ బాగానే ఉంది. ఎడమవైపు లింక్ రాడ్, అంటే మలుపుల్లో కారు ఒరిగిపోకుండా చూసే కడ్డీని షాక్ అబ్జార్బర్‌కు కలిపే చిన్న రాడ్డు, దగ్గరకు వచ్చేసరికి నేను నెలలుగా వింటున్న టక్ టక్ అక్కడ వినపడింది.

"చప్పుడు దీనిది సార్. షాకబ్జర్లు చచ్చిపోయి చాన్నాళ్లయింది. అవి చప్పుడు చెయ్యలేదు, అంతే" అన్నాడు.

ఈ అనుభవం రాయాలనిపించింది ఆ మాట వల్లే. చప్పుడు కోసమని వెళ్లి లింక్ రాడ్ ఒక్కటి మార్పించుకుంటే వెయ్యి రూపాయల్లో పని అయిపోయేది, చప్పుడు పోయేది, బాగైపోయిందనుకుని ఇంటికి పోయేవాళ్లం. అసలు జబ్బు అలాగే మిగిలిపోయేది. ఎక్కువమంది షాక్ అబ్జార్బర్ అంటే ఒళ్లు నొప్పులు లేకుండా ప్రయాణం చేయడానికి అనుకుంటారు. సుఖం సంగతి పక్కన పెట్టండి, అది బ్రేకుల సంగతి. కారును ఆపేది చివరికి టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. గతుకుల మీద బ్రేకు తొక్కినప్పుడు చక్రం గాల్లోకి ఎగురుతుంటే ఎంత మంచి బ్రేకులున్నా, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా, కారు ఆగాల్సినచోట ఆగదు. ముందు రాతి దిమ్మెతో లారీ, వెనక ఇంకో లారీ ఉండే రోడ్డు మీద మేం తిరుగుతున్నాం.

షెడ్డులో కూర్చుని ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. కారు బరువు మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. స్ప్రింగు ఒకసారి నొక్కుకుంటే ఊరికే ఆగదు, ఊపి వదిలిన ఉయ్యాల తనంతట తాను ఆగేదాకా ఊగినట్టు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. గొట్టంలో ఆయిల్ ఉంటుంది, అందులో పిస్టన్ కదులుతుంది, పిస్టన్‌కున్న సన్నటి దారుల్లోంచి ఆయిల్ బలవంతంగా దూరాలి. ఆ శ్రమలో ఊపు శక్తి వేడిగా మారిపోతుంది. సీలు పోయి ఆయిల్ కారిపోతే పిస్టన్‌కు అడ్డేమీ ఉండదు, ఉత్త గొట్టంలో ఉత్త రాడ్డు ఆడుతుంది.

మన చిన్న కార్లకు ముందువైపు ఉండేదాన్ని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించిన పద్ధతి ఇది. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లలో ఇది ఉంది. ఇందులో షాక్ అబ్జార్బర్, స్ప్రింగు, చక్రాన్ని నిలబెట్టే స్తంభం మూడూ ఒకటే. స్టీరింగ్ తిప్పితే ఆ మొత్తం చక్రంతోపాటు తిరుగుతుంది. అందుకే ముందువి మార్చడం వెనకవాటిని మార్చినంత తేలిక కాదు, మార్చాక వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, తప్పనిసరి. మా షెడ్డులో ముందుపని కూలీ వెనకపనికి ఇంచుమించు రెట్టింపు ఉండడానికి కారణం కూడా ఇదే.

పని ఆరోజు పెట్టుకోలేదు. సామాన్లు చూసుకోవాలి. ఈలోగా మా బావమరిది ఫోన్ చేసి, పాత గొట్టాలనే విప్పి ఆయిల్ నింపి సీలు వేసి ఇచ్చేవాళ్లున్నారు, మూడోవంతు ధరకే అయిపోతుందన్నాడు. భాయ్‌ను అడిగితే ఒప్పుకోలేదు. "పిస్టన్ రాడ్డు మీద గీతలు పడుంటాయి సార్, కొత్త సీలును అవే కోసేస్తాయి. మళ్లీ మీరు నా దగ్గరికే రావాలి, మళ్లీ అంతా ఇప్పాలి" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. బ్రేకులతో ముడిపడ్డ వస్తువులో పొదుపు చూడకూడదని నా గట్టి అభిప్రాయం.

సామాన్ల చీటీ ఆయనే రాసిచ్చాడు: ముందు షాక్ అబ్జార్బర్లు జత, షాక్ అబ్జార్బర్ పైకొసను కారు బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు బేరింగులతో సహా రెండు, బంప్ స్టాపులు, రబ్బరు తొడుగులు, లింక్ రాడ్లు జత. ఒకవైపే కారింది కదా, ఒకటే మారుద్దామంటే కుదరదు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు కారు సమంగా ఉండదు. మౌంటింగులు ఇంకొన్నాళ్లు వస్తాయేమో అనిపించినా, వాటికోసం మళ్లీ ఇదంతా విప్పి ఇదే కూలీ ఇంకోసారి ఇవ్వాలి. రబ్బరు తొడుగు, బంప్ స్టాప్ మాత్రం అసలు వదలకూడదు. చిరిగిన తొడుగు వదిలేస్తే కొత్త రాడ్డు మీద చీమకుర్తి దుమ్మంతా చేరి కొత్త సీలును కూడా తినేస్తుంది.

విడిభాగాల షాపుకు పోయేటప్పుడు కారు ఆర్సీ ఫొటో తీసుకెళ్లాను. ఒకే పేరుతో వచ్చే కారుకు కూడా ఏ సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నదాన్ని బట్టి భాగం మారుతుంది. గాబ్రియేల్, మన్రో రెండు కంపెనీలవీ ఉన్నాయన్నారు, గాబ్రియేల్ తీసుకున్నాను. పెట్టెలు కట్టేస్తుంటే విప్పి చూపించమని అడిగాను. రెండూ ఎడమవైపువే! బ్రేకు గొట్టాన్ని పట్టే కొక్కెం ఎటు తిరిగి ఉందో చూస్తే తెలిసిపోతుంది, ఎడమదానికీ కుడిదానికీ అది ఎదురెదురుగా ఉంటుంది. షాపతను వెంటనే మార్చి ఇచ్చాడు. అదే పాతవి విప్పి, కారు జాకీ మీద ఉన్నప్పుడు బయటపడి ఉంటే ఆరోజు పని అక్కడే ఆగిపోయేది. కాబట్టి కౌంటరు దగ్గరే పెట్టె విప్పి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. హోలోగ్రామ్, ఎమ్మార్పీ స్టిక్కరు చూడండి, బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా వారంటీ అడగలేం.

పనిరోజు ఆదివారం పొద్దున్నే షెడ్డు తీశాడు భాయ్, ఎండ ముదరకముందే అయిపోవాలని. కారు ఇంకా నేలమీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేశాడు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టి, ముందువైపు జాకీతో లేపి, ఇనుప స్టాండ్ల మీద దించాడు. జాకీ మీదే వదిలేసి కింద చేతులు పెట్టే షెడ్డులు చాలా చూశాను. ఇక్కడ స్టాండ్లు లేకుండా పని మొదలుపెట్టరు.

చక్రం తీశాక, బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ వైరునూ కొక్కేల్లోంచి తప్పించారు. లింక్ రాడ్ నట్టు రాలేదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టి టీ తాగొచ్చారు. అప్పుడు కూడా నట్టుతోపాటు లోపలి బోల్టు తిరుగుతుంటే, అలెన్ కీతో దాన్ని పట్టి ఉంచి పానాతో నట్టు తిప్పాడు షెడ్డు కుర్రాడు. షాక్ అబ్జార్బర్‌ను చక్రం భాగానికి, అంటే నకిల్‌కు, పట్టి ఉంచేవి రెండు పెద్ద బోల్టులు. వాటిని వదులు చేసేముందు భాయ్ బోల్టు తలకాయల చుట్టూ తెల్లటి మార్కరుతో గీతలు గీశాడు. రంధ్రాల్లో కొద్దిపాటి సందు ఉంటుంది, మళ్లీ బిగించేటప్పుడు చక్రం వాలు మారిపోకుండా ఆ గుర్తు. బోల్టులు తీయగానే నకిల్ బయటికి వాలిపోతుంది. అది అలా పడితే ఇంజను శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడిరావచ్చు, బ్రేకు గొట్టం మీద బరువు పడవచ్చు. అందుకని ముందే తీగతో వెనక్కి కట్టేశారు. అప్పుడు బానెట్ కింద పైనున్న నట్లు తీశారు. చివరి నట్టు తీసేటప్పుడు కుర్రాడు కింద రెండు చేతులతో పట్టుకున్నాడు. మొత్తం దిగి బయటికి వచ్చింది.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని ఇక్కడే ఉంది. బయటికి వచ్చినదానిలో స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంటుంది. పైన మధ్యలో ఉండే ఒక్క నట్టే దాన్ని ఆపుతోంది. ఆ నట్టు అలాగే తీసేస్తే స్ప్రింగు, మౌంటింగు ఎగిరి మొహానికో ఛాతీకో కొడతాయి. ప్రాణం పోవచ్చు. కారు మీద ఉన్నప్పుడు కూడా ఆ మధ్య నట్టు జోలికి పోకూడదు. పని ఒప్పుకునేముందే నేను అడిగిన మొదటి ప్రశ్న, "స్ప్రింగ్ కంప్రెసర్ ఉందా భాయ్?" అని. ఉందని చేతికిచ్చి చూపించాకే సరేనన్నాను. తాడు కట్టీ, కాళ్లతో తొక్కిపట్టీ ఈ పని కానిచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం కూడా చెబుతున్నాను, అలా చేయకండి, చేయించకండి.

ఆ కంప్రెసర్ అంటే కొక్కేలున్న రెండు పొడవాటి మరలు. స్ప్రింగుకు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా తగిలించాడు. ఒకటి నాలుగు చుట్లు, ఇంకోటి నాలుగు చుట్లు, అలా మార్చి మార్చి చేతిపానాతోనే బిగించాడు. పక్కనే గాలి గన్ ఉన్నా ముట్టలేదు. నన్ను పక్కకు జరగమన్నాడు, తనూ దాని తలకు ఎదురుగా నిలబడలేదు. స్ప్రింగు అడుగు పళ్లెంలో వదులై, చేత్తో తిప్పితే తిరిగేదాకా వచ్చాకే మధ్య నట్టు తీశాడు. మౌంటింగు, బేరింగు, పళ్లెం, తొడుగు ఒక్కొక్కటిగా ఊడివచ్చాయి. వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చాడు.

పాత షాక్ అబ్జార్బర్‌ను నా చేతికిచ్చి నొక్కమన్నాడు. రాడ్డు ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది, పోయి అక్కడే ఉండిపోయింది. కొత్తదాన్ని నొక్కాలంటే ఒళ్లంతా వేయాల్సి వచ్చింది, చేయి తీయగానే నెమ్మదిగా పైకి వచ్చింది. బిగించేముందు కొత్తదాన్ని నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాడు. షాపులో అడ్డంగా పడి ఉన్నప్పుడు ఆయిల్లో చేరిన గాలి పోవడానికట. ఇది వదిలేస్తే మొదట్లో కొత్తది కూడా బలహీనంగా అనిపించి, చప్పుడు చేయవచ్చు.

బిగింపులో నేను గమనించినవి రెండున్నాయి. స్ప్రింగు కింది కొస పళ్లెంలో ఉన్న మెట్టుకు సరిగ్గా ఆనాలి. అది ఒక వేలెడు తప్పినా తర్వాత కదిలి చప్పుడొస్తుంది. రెండోది, నట్టు బిగించేటప్పుడు మెరిసే పిస్టన్ రాడ్డును కటింగ్ ప్లేయరుతో పట్టకూడదు. చిన్న గీత పడినా సీలు చిరుగుతుంది, కొత్తది కొద్దినెలల్లో కారడం మొదలవుతుంది. కుర్రాడు అలవాటుకొద్దీ ప్లేయరు అందుకోబోతే భాయ్ కేకేసి ఆపాడు. రాడ్డు కొసన అలెన్ కీ పెట్టుకోవడానికి గాడి ఉంటుంది, దాంతోనే పట్టారు.

కంప్రెసర్ను మళ్లీ మార్చి మార్చి వదులు చేసి, మొత్తాన్ని ఎక్కించి, మార్కరు గీతలకు సరిపెట్టి బోల్టులు బిగించారు. కుడివైపు పని ఇంతసేపు పట్టలేదు, అక్కడ తుప్పు తక్కువ. కొత్త లింక్ రాడ్లు రెండువైపులా వేశారు. కారు నేలమీదకు దించాక వీల్ నట్లు మళ్లీ బిగించి, భాయ్ బానెట్ మూల నొక్కి వదిలాడు. పైకి వచ్చి నిలబడింది.

అలైన్‌మెంట్ సెంటరు రెండు వీధుల అవతలే. స్క్రీన్ మీద ముందు చక్రాల టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, బాగా తప్పి ఉంది. గుర్తులు పెట్టి బిగించినా అంత తేడా వచ్చింది, కాబట్టి ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగాయి కనక ముందువాటిని వెనక్కి, వెనకవాటిని ముందుకు మార్పించాను.

ఖర్చు చెబుతాను, ఎవరికైనా అంచనాకు పనికొస్తుంది. షాక్ అబ్జార్బర్లు జత 5,200, మౌంటింగులు 1,700, బంప్ స్టాపులూ తొడుగులూ 600, లింక్ రాడ్లు 1,100, కూలీ 1,500, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 600. మొత్తం 10,700 రూపాయలు. కారును బట్టి, ఊరిని బట్టి మారుతుంది.

సాయంత్రం కొత్తపట్నం రోడ్డులో కొంతదూరం పోయి, తర్వాత హైవే ఎక్కి టంగుటూరు టోల్‌గేటు ముందుదాకా వెళ్లొచ్చాను. మొదట కాస్త గట్టిగా అనిపించింది. గుంట పడితే ఒక్క దెబ్బ తెలుస్తుంది, అంతటితో అయిపోతుంది. బ్రేకు వేస్తే ముందుభాగం కిందికి కుంగడం తగ్గింది. హైవే మీద పక్కనుంచి బస్సు దూసుకుపోయినప్పుడు స్టీరింగ్ సరిచేసుకోవాల్సిన అవసరం రాలేదు. ఇన్నాళ్లూ ప్రతిసారీ సరిచేసుకుంటూ నడిపానని అప్పుడు గానీ తెలియలేదు.

నాన్నను మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లినప్పుడు సంతనూతలపాడు దగ్గర అడిగాను, ఎట్టా ఉందని. "గుంటలు ఉన్నాయిగానీ ఊపు లేదురా" అన్నాడు. పట్టీ పట్టుకోలేదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక షెడ్డుకు తీసుకెళ్లి బోల్టులు చూపించాను, ఏవీ వదులు కాలేదు. వెనక షాక్ అబ్జార్బర్లు అప్పుడే నొక్కి చూశాడు భాయ్. కారడం లేదుగానీ ఒకటిన్నర ఊపు ఊగుతున్నాయి. దసరా సెలవుల్లో రమ్మన్నాడు. ఈసారి జత ధర ముందే అడిగి పెట్టుకున్నాను.